హాల్లో సోఫాకి బదులు దివాన్: ఏడేళ్లు వాడాక

మా హాలు 10 బై 14. త్రీ సీటర్ సోఫా వద్దనుకుని కిటికీ పక్క గోడకి దివాన్ చేయించాం. 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, టేకు ఫ్రేము, కింద సామాన్ల పెట్టె. ఏడేళ్లు దాటింది.

పగలు మామయ్యగారు పేపరు చదువుతూ దాని మీదే నడుం వాలుస్తారు. సాయంత్రం పిల్లల హోంవర్కు, ఆ తర్వాత ఆరిన బట్టల కుప్ప, చుట్టాలొస్తే రాత్రి ఒకరికి పడక. చిన్న ఇంట్లో ఈ సదుపాయం సోఫాతో రాదు.

కూర్చోవడానికి మాత్రం అంత సుఖం లేదు. గోడకి ఆనుకుంటే కాళ్లు నేలకి అందవు, అంచున కూర్చుంటే వీపుకి ఆసరా ఉండదు. బాలీసులు పెట్టినా జారిపోతాయి. కొత్తవాళ్లు అలా అంచున బిగుసుకుని కూర్చుంటే చూసే మనకే ఇబ్బంది. అందుకే ఎదురుగా రెండు కుర్చీలు తప్పలేదు.

మొదట్లో బూరుగుదూది పరుపు వేశాం. ఏడాది తిరక్కుండానే మధ్యలో గుంట పడింది. ఎండలో వేస్తే పొంగేది, నాలుగు రోజులకి మళ్లీ అణిగేది. ఇప్పుడున్నది 40 డెన్సిటీ ఫోమ్ (దట్టమైన రకం), 4 అంగుళాల మందం. కుంగలేదు, కానీ ఎండాకాలం వీపు కాలిపోతుంది. దూది పరుపుకి ఆ బాధ లేదు. ఏ పరుపైనా జిప్పు కవరు కుట్టించుకోండి. దుప్పటి పరిస్తే రోజంతా సర్దడమే పని.

కింది పెట్టె మీద నాకు పెద్ద మోజు లేదు. పరుపు తీసి, పలక ఎత్తి, ఒకరు పట్టుకుంటేనే ఇంకొకరు చెయ్యి పెట్టగలరు. దాంతో బొమ్మల కొలువు బొమ్మలు, రగ్గులు తప్ప అందులోకి ఏవీ వెళ్లవు. దివాన్ ముందు జాగా ఉంటే సొరుగులే నయం.

అసలు దెబ్బ అడుగున తగిలింది. పెట్టె నేలకి ఆని ఉండటంతో ఇల్లు తుడిచిన ప్రతిసారీ తడి తగిలి ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది. అది ఎంఆర్ గ్రేడు: గాలిలో తేమని తట్టుకుంటుంది, నీళ్లని కాదు. తర్వాత నీళ్లని తట్టుకునే మెరైన్ ప్లై, ఐఎస్ 710 ముద్ర ఉన్నది వేయించి, 5 అంగుళాల కాళ్లు పెట్టించాం. ఇప్పుడు కిందికి చీపురు వెళ్తోంది. పరుపుతో కలిపి ఎత్తు 21 అంగుళాలైంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారికి లేవడం తేలికైంది. మా చిన్నాడు మాత్రం బాలీసు కింద పడేసి, దాని మీద కాలు పెట్టి ఎక్కుతున్నాడు.