చాప మీద తేలిన తగవులు: తూర్పు తిమోర్ రాజీ విచారణలపై సమీక్ష

అప్పటిదాకా ఇండోనేషియా ఏలుబడిలో ఉన్న తూర్పు తిమోర్‌లో 1999 ఆగస్టు 30న ప్రజాభిప్రాయ సేకరణలో జనం స్వాతంత్ర్యం వైపు మొగ్గగానే, ఇండోనేషియా అనుకూల మిలీషియాలు (సాయుధ ముఠాలు) ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. ఆ ముఠాల్లో చాలామంది ఆ ఊళ్లవాళ్లే. వాళ్లు మళ్లీ ఊళ్లో తలెత్తుకు తిరగాలంటే ఏం చెయ్యాలి? జరిగిన అకృత్యాల నిజాలు వెలికితీసే సీఏవీఆర్ అనే సత్య కమిషన్ 2004 దాకా నడిపిన రాజీ ప్రక్రియ అందుకోసమే. మా లెక్కలో దానికి అయిదుకు మూడున్నర మార్కులు.

తప్పు చేసినవాడు తనంతట తనే వాంగ్మూలం ఇవ్వాలి: ఏం చేశాడు, ఎందుకు చేశాడు, ఏ ఊరి ముందు ఒప్పుకుంటాడు. అది ముందు ప్రాసిక్యూటర్ కార్యాలయానికి వెళ్తుంది. హత్య, అత్యాచారం, చిత్రహింస ఉంటే ఊరి విచారణకు రాదు. ఇళ్లు తగలబెట్టడం, పశువుల్ని ఎత్తుకుపోవడం, కొట్టడం లాంటివే వస్తాయి. ఈ వడపోతే దీనికి ప్రాణం. ఇది లేకపోతే హంతకుడూ ఓ క్షమాపణతో బయటపడేవాడు.

విచారణ రోజున చాప పరుస్తారు. దాన్ని నాహె బిటి అంటారు, తగవు తేలేదాకా చాప చుట్టకూడదన్నది ఆచారం. ముగ్గురి నుంచి అయిదుగురి దాకా ఉండే, విచారణ నడిపే బృందం, లియా నాయిన్ అనే పెద్దలు, ఎదురుగా ఊరంతా. బాధితులు నేరుగా నిలదీయొచ్చు. చివరికి బహిరంగ క్షమాపణ, ఊరి పని, నష్టపరిహారం లాంటివాటిలో ఏదో ఒకదానికి ఒప్పందం కుదురుతుంది. దాన్ని జిల్లా కోర్టు తన ఉత్తర్వుగా నమోదు చేస్తుంది. పూర్తిచేస్తే ఆ చర్యలపై కేసు ఉండదు, ఎగ్గొడితే అదే కొత్త నేరం. పెద్దమనుషుల మాటకు కోర్టు ముద్ర పడటం మంచి ఆలోచన.

వెయ్యి అనుకుంటే 1,371 కేసులు ముగిశాయి. కానీ ఒకే విచారణలో చాలామందిని కూర్చోబెట్టిన చోట, బాధితులకు మాట్లాడే వ్యవధే చిక్కలేదు. ఊరంతా చూస్తుంటే 'క్షమించను' అనడం మాటలా? ఇల్లు కాల్చినవాడు నిరుపేదైతే మళ్లీ కట్టించే దారీ లేదు, చాలాచోట్ల క్షమాపణతోనే సరిపెట్టారు.

అసలు లోపం మాత్రం ఊళ్లో లేదు. చిన్నవి ఊళ్లో, పెద్దవి కోర్టులో అన్నది మాట. ఆ రెండోది దెబ్బతింది. తీవ్ర నేరాల విచారణ 2005లో మూతపడే నాటికి నిందితుల్లో అత్యధికులు ఇండోనేషియాలో ఉన్నారు, వాళ్లను అప్పగించలేదు. ఇల్లు కాల్చినవాడు చాప మీద తలవంచుకుని కూర్చుంటే, కాల్చమన్నవాడు సరిహద్దు అవతల హాయిగా ఉన్నాడు.