ఆరేళ్ల వాడకం: ఆర్‌సీఏ వైరు, ఆప్టికల్ కేబుల్

మా ఇల్లు చెన్నై తిరువాన్మియూర్‌లో, సముద్రానికి దగ్గర్లో. టీవీ నుంచి స్టీరియో యాంప్లిఫయర్‌కు మొదటి రెండేళ్లు ఆర్‌సీఏ వైరు (ధ్వనిని కరెంటు రూపంలో మోసే, ఎరుపు తెలుపు పిన్నుల మామూలు ఆడియో వైరు) వాడాను, తర్వాత నాలుగేళ్లుగా ఆప్టికల్ వాడుతున్నాను.

ఆర్‌సీఏతో పాట బాగానే వినిపించేది. ఇబ్బందంతా పాట ఆగినప్పుడే. స్పీకర్లలోంచి సన్నగా ఒకటే రొద. "ఆ తుమ్మెదను బయటికి తోలరా" అనేది అమ్మ. యాంప్లిఫయర్ మార్చాను, ఖరీదైన వైరు కొన్నాను. తగ్గలేదు. ఒకరోజు సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ టీవీ వైరు పీకగానే రొద ఠక్కున ఆగింది. బయటి నుంచి వచ్చే ఆ వైరుకు ఒక ఎర్త్, యాంప్లిఫయర్ ప్లగ్గుకు ఇంకో ఎర్త్. ఈ రెంటి మధ్య టీవీ, ఆర్‌సీఏ వైరు మీదుగా కరెంటు పారుతోంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, రొద కూడా దాని బాపతే. ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒకరు చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ప్రాణం కాపాడేది అదే.

ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుతురు, కాబట్టి కరెంటుకు దారి లేదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కేబుల్, చిన్న డాక్ పెట్టె (డిజిటల్ సిగ్నల్‌ను యాంప్లిఫయర్‌కు కావాల్సిన అనలాగ్ సిగ్నల్‌గా, అంటే ధ్వని తరంగంలా మారే కరెంటుగా, మార్చేది) కొన్నాను. మొదట ధ్వనే రాలేదు. టీవీ సెట్టింగుల్లో డాల్బీ తీసేసి, ఈ డాక్‌కు అర్థమయ్యే మామూలు డిజిటల్ రూపం పీసీఎం పెట్టాక వచ్చింది. ఆ రాత్రి ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ పెంచి, స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చున్నాను. రొద లేదు.

ఇబ్బంది ఒక్కటే, మా టీవీ రిమోట్‌తో ఇప్పుడు వాల్యూమ్ మారదు. అమ్మకు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

పాట నాణ్యత పెరిగిందా అంటే, వాల్యూమ్ సమానంగా పెట్టి విన్నప్పుడు నాకు తేడా తెలియలేదు. నిజానికి డాక్ నుంచి యాంప్లిఫయర్‌కు మళ్లీ అరమీటరు ఆర్‌సీఏ వైరే. స్పీకర్‌కు చేరేలోపు ఎక్కడో ఒకచోట అనలాగ్ కావాల్సిందే. టీవీ లోపల జరిగే ఆ మార్పిడి ఇప్పుడు డాక్‌లో జరుగుతోంది, అంతే. ఉప్పుగాలికి ఆ ఆర్‌సీఏ వైరు పిన్నులు మసకబారి చిటపటలాడతాయి, ఆరు నెలలకోసారి పొడిగుడ్డతో తుడుస్తాను.

నాన్న రికార్డ్ ప్లేయర్‌ను మాత్రం ఆర్‌సీఏ మీదే ఉంచాను. దాని సూది నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, చిన్న రొద కలిసినా పెద్దగా వినిపిస్తుంది. పక్కనున్న సన్నటి ఎర్త్ తీగను గట్టిగా బిగించాక అది కూడా ప్రశాంతంగా పాడుతోంది.