మా జిల్లా కోర్టులో పిల్లల సాక్ష్యం గది: చూసినంతవరకు

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో సపోర్ట్ పర్సన్‌గా పిల్లల వెంట కోర్టుకు వెళ్తుంటాను. జిల్లా పేరు రాయను, పిల్లల వివరాలు బయటపడకూడదు. పిల్లల్లాంటి సాక్షులు భయం లేకుండా సాక్ష్యం చెప్పేందుకు ప్రతి జిల్లాలో ప్రత్యేక సెంటర్ ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకూ వచ్చింది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది వాయిదాకు ముందే పిల్లల్ని తీసుకెళ్లి అంతా చూపించడం. ఏడేళ్ల పాప ఒకతె వచ్చీ రాగానే, "నన్ను జైల్లో పెడతారా?" అని అడిగింది. అక్కడి మేడమ్ పక్కన కూర్చుని, "జైలు ఇక్కడ లేదమ్మా. జడ్జిగారు నువ్వు చెప్పేది వింటారు, అంతే" అన్నారు. టీవీ ఆన్ చేసి, జడ్జిగారు ఇందులో కనిపిస్తారని, నిందితుడు మాత్రం కనిపించడని చెప్పారు. పాప లేచి వెళ్లి తలుపు గడియ తనే వేసి, లాగి చూసుకుంది. తర్వాతే బొమ్మల దగ్గరికి వెళ్లింది.

సాక్ష్యం రోజు ముందుగా జడ్జిగారు బడి గురించి, స్నేహితుల గురించి అడిగారు. ప్రమాణం అంటే ఏమిటో తెలియదని జడ్జిగారికి అనిపిస్తే, పన్నెండేళ్లలోపు పిల్లలు ప్రమాణం చేయాల్సిన పని లేదు. లాయర్లు పిల్లల్ని నేరుగా అడగకూడదు, ప్రశ్న జడ్జిగారి ద్వారానే రావాలి. అందుకే "సదరు సమయమున" అని మొదలైన ప్రశ్న పాప దగ్గరికి "అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?" అని వచ్చింది. మధ్యలో నీళ్లు తాగడానికి ఆపారు కూడా. ఇదంతా చట్టంలో ఉన్నదే, అయినా సరిగ్గా జరుగుతుంటే చూడటం నిజంగా ధైర్యాన్నిస్తుంది.

లోపమూ ఉంది, చిన్నది కాదు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే అందరూ తిరిగే వరండా దాటాలి. వేరే గేటు పెట్టి లోపలికి తెచ్చిన పిల్ల అక్కడ నిందితుడి మనుషులకు ఎదురుపడితే ఆ గేటు ఎందుకు? ఇది వెంటనే మార్చాలి. పదేళ్లు దాటిన పిల్లలకు కాలక్షేపానికి ఏమీ లేదు, నాలుగు పుస్తకాలైనా పెట్టాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో జవాబులు బట్టీ పట్టించకండి. నేర్పించిన సాక్ష్యమని అవతలి లాయర్ పట్టుకుంటాడు, పిల్లకూ టెన్షన్ పెరుగుతుంది. "తెలీదు", "గుర్తులేదు", "అర్థం కాలేదు, మళ్లీ అడగండి" అనొచ్చని మాత్రం చెప్పండి. గది ముందే చూపించమని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ లాయర్) గారిని మీరే అడగండి. అడగకపోతే చాలాసార్లు వాయిదా రోజే మొదటిసారి చూడాల్సి వస్తుంది.