స్కై కాజిల్: ఇరవయ్యో ఎపిసోడ్ మినహా

కూతురికి మెడిసిన్ సీటు కోసం ఓ తల్లి, అడ్మిషన్లకి పిల్లల్ని తయారుచేసే కోచ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలే సీన్ ఒకటుంది ‘స్కై కాజిల్’ అనే కొరియన్ సీరియల్లో. కొద్ది రోజుల కిందట అదే కోచ్ చెంప ఛెళ్ళుమనిపించి, నీకో దణ్ణం అని వెళ్ళిపోయింది కూడా ఈవిడే. ఆ కోచ్ చదివించిన కుర్రాడి ఇల్లు ఏమైపోయిందో ఈవిడకి తెలుసు. తెలిసే వెనక్కి వచ్చింది. మీ ఇంట్లోనూ అలాంటిదే జరిగితే భరిస్తారా అని కోచ్ ఎక్కడా గొంతు పెంచకుండా అడుగుతుంది. భరిస్తానంటుంది తల్లి. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. పేరెంట్స్ మీటింగుల్లో బల్లకి ఇవతల కూర్చునేదాన్ని. ‘రెండు తగిలించినా పర్లేదు మేడమ్, ర్యాంకు మాత్రం రావాలి’ అనే తల్లిదండ్రుల మొహాలు వరసగా కనపడ్డాయి నాకా సీన్లో.

2018 నవంబరులో జేటీబీసీ అనే కేబుల్ ఛానెల్లో మొదలై 2019 ఫిబ్రవరి 1న అయిపోయిన 20 ఎపిసోడ్ల సీరియల్ ఇది. రాసింది యూ హ్యున్ మి, తీసింది జో హ్యున్ తక్. మొదటి ఎపిసోడ్‌కి రేటింగ్ 2 శాతం కూడా రాలేదు. ఆ నోటా ఈ నోటా పాకి చివరిదానికి 23.8 శాతానికి ఎక్కింది. అప్పటికి కొరియా కేబుల్ డ్రామాల్లో అదే రికార్డు.

కథంతా ఓ గేటెడ్ కమ్యూనిటీలో నడుస్తుంది. యూనివర్సిటీ ఆసుపత్రి డాక్టర్లు, ఓ లా ప్రొఫెసర్, వాళ్ళ భార్యలు, పిల్లలు. సియోల్ నేషనల్, కొరియా, యోన్సే అనే మూడు పెద్ద యూనివర్సిటీల ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే వచ్చేదే పేరులోని ‘స్కై’. హాన్ సియో జిన్ (యమ్ జంగ్ ఆ) పెద్ద కూతురు యేసో సియోల్ నేషనల్‌లో మెడిసిన్ చదవాలి. తాతా డాక్టరే, నాన్నా డాక్టరే, మూడో తరం తప్పకూడదని అత్తగారి హుకుం. పక్కింటి కుర్రాడికి అదే సీటు వస్తుంది, పార్టీ ఇస్తారు, మిగతా తల్లులంతా ఆ కుర్రాడి పోర్ట్‌ఫోలియో కోసం వాళ్ళమ్మ చుట్టూ తిరుగుతారు. మొదటి ఎపిసోడ్ ముగిసేసరికి ఆ అమ్మ మంచులో తుపాకీతో తనను తాను కాల్చుకుంటుంది. నేను ఏ కిచెన్ పాలిటిక్సో అనుకుని టీ కప్పుతో కూర్చున్నాను, టీ చల్లారిపోయింది.

మనవాళ్ళు ఇది చూసి ‘అచ్చం మన కార్పొరేట్ కాలేజీలే’ అనేస్తారు. నేనలా అనను. నవంబరులో జరిగే సునుంగ్ అనే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష అక్కడా పెద్ద జాతరే. ఇంగ్లీష్ లిజనింగ్ నడిచేంతసేపు విమానాలను కూడా దిగనివ్వరు. కానీ ఈ సీరియల్ తిరిగేది దాని చుట్టూ కాదు, స్కూల్ రికార్డు చూసి సీటిచ్చే పద్ధతి చుట్టూ. మార్కులతో పాటు క్లబ్బులు, సేవా కార్యక్రమాలు, స్టూడెంట్ ప్రెసిడెంట్ పదవి, టీచర్లు రాసే నాలుగు మాటలు, అన్నీ అప్పట్లో లెక్కలోకి వచ్చేవి. అంటే పిల్ల జీవితం మొత్తం దరఖాస్తు ఫారమే. కోఆర్డినేటర్ అనే కోచ్‌కి పని దొరికేది అక్కడే. యేసో స్కూల్ ఎన్నికలో ఎలా గెలవాలో కూడా కోచే చూసుకుంటుంది. ఇలాంటి కోచ్‌లు దొరికేది ఓ బ్యాంకు తన వీవీఐపీ ఖాతాదారులకు పెట్టే రహస్య సమావేశంలో. అక్కడ ఎవరి పిల్లల్ని తీసుకోవాలో కోచ్‌లే ఎంచుకుంటారు. డబ్బున్నవాళ్ళు క్యూలో నిలబడి మమ్మల్ని తీసుకోండి అని చూడ్డం భలే ఉంటుంది. మన ర్యాంకుల గోల ఎంత పాపిష్టిదైనా ఓఎంఆర్ షీటుకి రాసినవాడి నాన్న ఎవరో తెలియదు. ఆ మాత్రం దయ ఉందని ఈ సీరియల్ చూశాకే అనిపించింది.

యేసో గదిలో చెక్కతో చేసిన ఓ పెట్టె ఉంటుంది. లోపల బల్ల, కుర్చీ, దీపం, అంతే. తలుపు వేసుకుంటే మనిషి పట్టీ పట్టనట్టు ఉంటుంది. పిల్ల అందులోకి ఇష్టంగా వెళ్ళి కూర్చుంటుంది చూడండి, అదీ నన్ను తిననివ్వనిది. ఎవరో తోసి తలుపేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. తనంతట తనే వెళ్తుంటే ఎవర్ని తిడతాం? యేసోగా కిమ్ హే యూన్ ఆ పొగరునీ, లోపలి భయాన్నీ ఒకే మొహంలో చూపిస్తుంది. ఇంకో విచిత్రం, సీరియల్ వచ్చాక కొరియాలో అలాంటి పెట్టెలకు గిరాకీ పెరిగిందట. చీవాట్లు పెట్టడానికి తీసిన సీరియల్‌ని జనం షాపింగ్ కేటలాగ్‌లా చూశారన్నమాట.

చెల్లెలు యేబిన్ సంగతి ఇంకా నచ్చింది. స్నేహితులతో కలిసి కొట్లో చిరుతిళ్ళు దొంగిలిస్తుంది. తినడానికి కాదు, కాళ్ళతో తొక్కి నలిపేయడానికి. టెన్షన్ తీరడానికట. పక్కింటావిడ కంగారుపడి తల్లికి చెప్తే, తల్లికి ముందే తెలుసు, కొట్టువాడికి డబ్బులు కూడా కట్టేసింది! పిల్ల దొంగతనాన్ని కూడా టైమ్‌టేబుల్లో ఒక పీరియడ్ చేసేసిందీ తల్లి.

తండ్రుల్లో లా ప్రొఫెసర్ ఛా మిన్ హ్యుక్ (కిమ్ బ్యుంగ్ ఛుల్) నవ్విస్తూనే వణికిస్తాడు. ఇంట్లో బంగారు రంగు పిరమిడ్ బొమ్మ పెట్టుకుని, కవల కొడుకులకి పైకెక్కాలి పైకెక్కాలి అని నూరిపోస్తుంటాడు. హార్వర్డ్‌లో చదువుతోందని ఊరంతా చాటుకున్న కూతురు అసలు అక్కడ స్టూడెంటే కాదని తేలినప్పుడు ఆయన మొహం చూడాలి. అతని భార్య సుంగ్ హే మెత్తగా, మర్యాదగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక రోజు ఎదురు తిరుగుతుంది. మొగుడికి కప్పు నూడుల్స్ మిగిల్చి పిల్లలతో ఇల్లు వదిలి వెళ్ళిపోయే ఆ ట్రాక్ కోసమే నేను కొన్ని రాత్రుళ్ళు నిద్ర మానుకున్నాను. కిమ్ బ్యుంగ్ ఛుల్‌కీ, యమ్ జంగ్ ఆకీ, కిమ్ హే యూన్‌కీ 2019లో కొరియాలో పేరున్న బేక్‌సాంగ్ అవార్డులొచ్చాయి. కోచ్‌గా చేసిన కిమ్ సియో హ్యుంగ్‌కి రాలేదని నా బాధ. బిగించి దువ్విన జుట్టు, నల్లబట్టలు, తొణకని గొంతు. ఆవిడ తెర మీదికి వస్తే చాలు, వెన్ను నిటారు చేసి కూర్చుంటాం.

లోపాలు లేకపోలేదు. మధ్యలో ఓ పిల్ల చనిపోతుంది. అక్కడి నుంచి చదువు కథ కాస్తా ఎవరు చంపారనే కథ అయిపోతుంది. పిల్లల కథలు రాసే ఆ పక్కింటావిడ సూ ఇమ్ మంచిదే గానీ ప్రతి సీన్లో నీతులు చెప్పేసరికి తలనొప్పి. కోచ్ గతం కూడా మోతాదు మించింది. అంత భయంకరమైన కారణం లేకుండానే ఇలాంటి కోచ్‌లు తయారవుతారని నా అనుభవం.

ఇక ఇరవయ్యో ఎపిసోడ్. పంతొమ్మిదింటిలో పళ్ళు నూరుకున్న జనం ఒక్కసారిగా కలిసి నవ్వుకుంటారు, తప్పులన్నీ కడిగేసుకుంటారు. ఏళ్ళ తరబడి పేరుకున్న పిచ్చి అంత తేలిగ్గా వదిలితే మా కాలేజీ ఎప్పుడో మూతపడేది. పంతొమ్మిదోది అవ్వగానే ఆపేసినా మీకేం నష్టం లేదు.

ఆత్మహత్య, హింస సూటిగానే చూపిస్తారు కాబట్టి చిన్నపిల్లల ముందు పెట్టకండి. పరీక్షల నెలల్లో ఇంటర్ పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఒక్కో ఎపిసోడ్ గంటకు పైనే, శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం వంట ఆలస్యమవడం ఖాయం. డబ్బింగ్ దొరికినా సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. ఆ కోచ్ గొంతు ఇంకెవరిదైనా అయితే సగం భయం పోతుంది.