మైక్ కోసమే బీజీఎంఐ: రొయ్యల చెరువు గట్టు మీద ఇన్నేళ్లు ఆడాక

బీజీఎంఐ అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, ఫోన్‌లో జట్టుగా ఆడే తుపాకుల గేమ్. దాని మ్యాపులు, తుపాకులు, స్కిన్ల (తుపాకులకి, బట్టలకి వేసే అలంకారాల) గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అవి నేను రాయను. 2021 జూలైలో వచ్చినప్పటి నుంచి ఈ గేమ్ నా ఫోన్‌లో ఉంది. ఇన్నాళ్లూ తీసెయ్యకుండా ఉంచుకున్నది ఒక్కదాని కోసమే, స్క్వాడ్‌లో, అంటే జట్టులో, నలుగురం మాట్లాడుకునే మైక్. నాకు ఈ గేమ్ వల్ల ఏ మేలు జరిగినా అందులోంచే జరిగింది.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. వనామీ రొయ్యల చెరువులు కౌలుకు చేస్తాం, రాత్రి కాపలా నాదే. చిన్నప్పటి నుంచి నలుగురిలో నాకు నోరు పెగలదు. చెప్పాల్సింది లోపల సిద్ధంగానే ఉంటుంది, నేను మొదలుపెట్టేలోపు అవతలివాళ్లు ఇంకో మాటకి వెళ్లిపోతారు. గేమ్‌లో అలా కుదరదు. శత్రువు కనిపిస్తే పైనున్న కంపాస్ చూసి "రెండొందల ఎనభై అయిదు, చెట్టు వెనక, ఇద్దరు" అని ఒక్క ఊపిరిలో చెప్పేయాలి. దిక్కు, చోటు, ఎంతమంది, అంతే. ఒక్క క్షణం ఆగితే మనవాడు నాక్ అవుతాడు, అంటే దెబ్బ తిని కింద పడిపోతాడు. కావలి నుంచి ఆడే మావాడు ఒకడు "అక్కడ అంటే ఎక్కడన్నా, నంబర్ చెప్పు" అని వెంటపడి మరీ నాకు అలవాటు చేశాడు.

ఇది గేమ్‌లోనే ఉండిపోయే విద్య అనుకున్నాను. ఒక వేసవిలో తెల్లవారుజామున కరెంటు పోయేదాకా.

చెరువుల సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. పగలు ఎండకి నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అందుకే తెల్లారబోయే ముందు నీళ్లలో డీవో, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ టైములో నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి, జనరేటర్ స్టార్ట్ కావడం లేదు. మా దగ్గర పనిచేసే ఒడిశా కుర్రాళ్లు నిద్రలోంచి లేచి ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నారు, ఫోన్‌లో మా మామ అరుస్తున్నాడు. ఎప్పుడూ గొంతు బిగుసుకుపోయే నాకు ఆ రోజు బిగుసుకోలేదు. ఒకడికి డీజిల్ లైన్‌లో గాలి తియ్యమన్నా. ఇంకొకడికి రెండో చెరువు, తూర్పు మూల, టార్చ్ వేసి రొయ్య పైకి తేలుతోందేమో చూసి అరవమన్నా. మామతో "పక్క చెరువు వాళ్ల జనరేటర్ అడుగు, ట్రాక్టర్ నువ్వే తీసుకురా" అని చెప్పి ఫోన్ పెట్టేశా. నేను ఆక్సిజన్ బిళ్లలు చల్లుకుంటూ వెళ్లా. మనిషికి ఒక్క ముక్క, రెండోసారి అడగాల్సిన పని లేకుండా. కుర్రాళ్లతో మాట్లాడిన హిందీ కూడా ఆ మైక్ నేర్పిందే. రెండో చెరువులో కొంత పోయింది, మిగతాదంతా దక్కింది. పొద్దున మామ టీ తాగుతూ "ఏందబ్బయ్యా, ఇట్టా మాట్లాడేది ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాడు. ఆ మాట నాకు ఏ పంట పట్టుబడి డబ్బులకన్నా ఎక్కువ.

అలాగని మనిషి మొత్తం మారిపోయాడని చెప్పను. బ్యాంకులో మేనేజర్ ఎదుట కూర్చుంటే ఇప్పటికీ మాట రాదు, పెళ్లిళ్లలో అసలే రాదు. పని ఉన్నచోట నోరు తెరుచుకుంటోంది, కబుర్లకి తెరుచుకోవడం లేదు. ఆ హిందీ కూడా ఆగు, రా, వెనక్కి చూడు దగ్గరే ఆగింది. 2003లో గ్రీన్, బవెలియర్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో, యాక్షన్ గేములు ఆడేవాళ్ల చూపు ఒకేసారి ఎక్కువ వస్తువుల్ని పట్టుకోగలదని చూపించారు. అది చూపు సంగతి. మాట సంగతికి నా దగ్గరున్న రుజువు ఆ ఒక్క రాత్రే.

మైక్ బాగుందన్నది కూడా తెలిసిన ముగ్గురితో ఆడినప్పుడే. గేమ్ కలిపే రాండమ్ వాళ్లతో, అంటే ముక్కూమొహం తెలియనివాళ్లతో, దిగితే అమ్మానాన్నల్ని కలిపి తిట్లు, ఆడపిల్ల గొంతు వినపడితే ఇంకా ఘోరం. అలాంటి మ్యాచ్ ఆడి పడుకుంటే నిద్ర పట్టదు, పొద్దున ఇంట్లోవాళ్ల మీద విసుగు. తెలియనివాళ్ల మైక్ ఆపేసుకుని ఆడడమే మంచిది.

మనసు సంగతికి వస్తే, రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి పంట పోయిన రోజుల్లో గట్టు మీద ఒంటరిగా ఉన్న రాత్రుళ్లు నన్ను నిలబెట్టింది ఆ మూడు గొంతులే. 2022 జూలైలో గేమ్‌ని యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆ మధ్యలో ఫోన్ మార్చిన మావాడికి గేమ్ లేకుండా పోయింది. కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకుని చూశాం, "తిన్నావా, ఏంది సంగతి" అనుకున్నాక ఎవరికీ ఏమీ తోచేది కాదు. చేతిలో ఆట ఉంటేనే మాలో ఒకడు తన అప్పు సంగతి బయటపెట్టాడు.

తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి 3 గంటలు, మిగతావాళ్లకి 6 గంటలు అని హద్దు పెట్టారు. నా అనుభవంలో గంటల కన్నా ఎందుకు ఆడుతున్నాం అన్నదే ముఖ్యం. సీజన్ చివర్లో ర్యాంకు కోసం తప్పదన్నట్టు ఆడే వారం నాకు అస్సలు పడదు, తలనొప్పి, చిరాకు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2022లో ఏడు గేములు ఆడే దాదాపు 39 వేలమందిని పరిశీలించినప్పుడూ ఇలాగే తేలింది. ఆడిన సమయానికీ మనసు బాగుండడానికీ పెద్దగా సంబంధం కనపడలేదు, ఇష్టంతో ఆడుతున్నామా, తప్పక ఆడుతున్నామా అన్నదానికి కనపడింది. చదువు, తిండి, నిద్ర అన్నీ పక్కనపెట్టి మానలేకపోతుంటే అది వేరే సంగతి, డబ్ల్యూహెచ్‌వో దాన్ని జబ్బుల జాబితాలో పెట్టింది. మన ఇళ్లలో అలాంటి పిల్లలుంటే తిట్టేముందు మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం.

నాది రాత్రి డ్యూటీ, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, నమ్మకమైన ముగ్గురున్నారు. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లాడికి ఇదే మాట చెప్పగలనా అంటే చెప్పలేను. నాలాగా నోరు పెగలనివాళ్లు, రాత్రి కాపలా ఉండేవాళ్లు మాత్రం తెలిసినవాళ్లని ముగ్గుర్ని కూడగట్టుకుని ఆడి చూడండి. ఆ ముగ్గురూ దొరక్కపోతే మాత్రం వద్దు, మైక్ తీసేస్తే ఇందులో నాకు నచ్చేది ఏమీ మిగలదు.