పాత పికప్‌కి ఐదేళ్ల కూలెంట్: దాదాపు పదేళ్ల అనుభవం

ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే ఒక్క మాట మీదే నా కోపమంతా. "ఐదేళ్లు, 2,40,000 కిలోమీటర్లు." ఆ మాట అబద్ధమని అనను. దానికి తగిన బండిలో, లోపల శుభ్రంగా ఉన్న ఇంజిన్‌లో ఆ రకం కూలెంట్ నిజంగానే అన్నాళ్లు ఉంటుంది. కానీ ఆ మాట చదివాక పాత పికప్ నడిపే మనిషి రేడియేటర్ మూత తీసి చూడటం మానేస్తాడు. నేను మానేశాను. నా బండికి జరిగిన నష్టం అక్కడే మొదలైంది.

నాది పెట్రోలు ఇంజిన్. ఇనుప బ్లాకు, దానిమీద అల్యూమినియం హెడ్డు. రేడియేటర్ పాతకాలపుది: రాగి గొట్టాలు, ఇత్తడి ట్యాంకులు, అతుకులన్నీ సీసం కలిసిన టంకంతో వేసినవి. ఈ రేడియేటర్ సంగతే అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సిందని ఇప్పుడు చెప్పగలను. బండితో వచ్చిన పుస్తకంలో మామూలు పచ్చ కూలెంటే పోయమని, రెండేళ్లకోసారి మార్చమని ఉంది. రెండేళ్లకోసారి బండి కిందకి దూరడం విసుగనిపించి, నారింజ రంగు లాంగ్ లైఫ్ కూలెంట్‌కి మారాను.

మొదటి రెండేళ్లూ దాన్ని కనిపించిన ప్రతివాడికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఇంజిన్ వేడి చూపే మీటరు ముల్లు సగానికి కాస్త కిందే ఆగేది. రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో రంగు మారలేదు, మట్టం తగ్గలేదు. ఆ మెప్పులో ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. ముల్లు నిలకడగా ఉండటం కూలెంట్ గొప్ప కాదు, ఇంజిన్ వేడిని ఒకే చోట నిలిపే థర్మోస్టాట్ పని. తర్వాత పచ్చది పోసినా ముల్లు సరిగ్గా అక్కడే ఆగింది. ఇక డబ్బాలో మట్టం ఎందుకు తగ్గలేదో మూడున్నరేళ్లకు తెలిసింది.

చలికాలం తెల్లవారుజాము. వెనక నిండా బరువు, ముందు పొడవాటి ఎత్తు. హీటర్ వేసుకుని వెళ్తున్నాను. సగం ఎక్కాక హీటర్‌లోంచి చల్లగాలి రావడం మొదలైంది. హీటర్ మోటారు పోయిందనుకున్నాను గానీ గాలి జోరుగానే వస్తోంది, వేడే లేదు. ముల్లు చూస్తే మామూలు చోటే ఉంది. కాసేపటికి అది కిందకి జారింది. పెరగడం కాదు, తగ్గడం. ఎత్తు ఎక్కుతున్న ఇంజిన్ చల్లబడటమేమిటి? అప్పుడు భయం వేసి బండి పక్కకి తీసి ఆపాను. బానెట్ ఎత్తగానే తియ్యటి వాసన, రేడియేటర్ పై అంచు దగ్గర సన్నగా ఆవిరి.

తర్వాత అర్థమైంది ఇదీ. హీటర్‌కి వేడి అందించేది ఈ కూలెంటే, అది తగ్గితే వచ్చేది చల్లగాలే. వేడి కొలిచే సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. మట్టం దానికన్నా కిందకి పోతే అది గాలిలో వేలాడుతూ తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఇంజిన్ వేడెక్కి ఉన్నా హీటర్ చల్లగా వస్తుంటే ముల్లుని నమ్మొద్దు, వెంటనే ఆపేయండి. ఆ రోజు ఇంకో రెండు మైళ్లు లాగి ఉంటే హెడ్డు వంగేది.

గంటన్నర ఆగి, బాగా చల్లారాక మూత తీశాను. మూత అడుగున గోధుమరంగు జిగురు ముద్ద. వేలు పెడితే ద్రవం తగల్లేదు. పక్క డబ్బాలో మాత్రం గీత దాకా నిండుగా ఉంది.

మూతలో రెండు కవాటాలుంటాయి. పెద్దది, వేడికి ఒత్తిడి పెరిగితే ద్రవాన్ని పక్క డబ్బాలోకి వదులుతుంది. మధ్యలో ఉన్న చిన్నది, ఇంజిన్ చల్లారేటప్పుడు ఆ ద్రవాన్ని మళ్లీ లోపలికి రానిస్తుంది. నా మూతలో ఆ చిన్న కవాటం జిగురుతో మూసుకుపోయింది. పై ట్యాంకు అతుకు దగ్గర టంకం తినేసి కంటికి ఆనని సందు పడింది. వేడిగా ఉన్నప్పుడు ఆ సందులోంచి చెమ్మలా కారి అక్కడికక్కడే ఆరిపోయేది, నేలమీద చుక్క పడేది కాదు. చల్లారేటప్పుడు డబ్బాలోంచి ద్రవం రావాల్సింది పోయి, అదే సందులోంచి గాలి లోపలికి వచ్చేది. రేడియేటర్ ఖాళీ అవుతూ, డబ్బా నిండుగా ఉంటూ, నేను డబ్బా చూసి తృప్తిపడుతూ ఎన్ని నెలలు గడిచాయో. లోపలికి గాలి చేరితే ఇనుప బ్లాకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు కూలెంట్‌తో కలిసి బురదవుతుంది. ఆ బురదే మూతకి పట్టింది, హీటర్ లోపలి చిన్న రేడియేటర్ లాంటి కోర్‌లోనూ పేరుకుంది.

టంకం ఎందుకు తిన్నదంటే, అసలు తేడా రంగులో లేదు, లోపల కలిపే రక్షణ మందులో ఉంది. పాత పచ్చ రకంలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. సిలికేటు పోసిన కొద్దిసేపటికే లోహం మీద పలచటి పొర కడుతుంది, అందుకే త్వరగా ఖర్చయిపోతుంది, అందుకే రెండేళ్ల గడువు. లాంగ్ లైఫ్ రకంలో సేంద్రియ ఆమ్లాల లవణాలుంటాయి. అవి తుప్పు మొదలయ్యే చోట మాత్రమే పనిచేస్తాయి కాబట్టి నెమ్మదిగా ఖర్చవుతాయి. అల్యూమినియం రేడియేటర్‌కి అది మంచిదే. కానీ ఆ రకాల్లో కొన్ని సీసం టంకాన్ని సరిగా కాపాడవు, పాత గ్యాస్కెట్లలో కొన్నిటిని మెత్తబరుస్తాయి కూడా.

ఇందులో నా పొరపాటూ ఉంది. కూలెంట్ మార్చినప్పుడు రేడియేటర్ కింది కుళాయి ఒక్కటే తిప్పి వదిలేశాను. అలా చేస్తే బ్లాకులోనూ హీటర్‌లోనూ పాతది దాదాపు సగం మిగిలిపోతుంది. పచ్చా నారింజా కలిసిపోయాయి. అలా కలిసినప్పుడు ఐదేళ్ల మాట చెల్లదు, పాతదాని ఆయుష్షే లెక్క. టంకం, గాలి, ఈ కలగలుపు మూడూ కలిసే బండిని ఆ ఎత్తు మీద ఆపాయని నా లెక్క.

కడగడానికి రెండు రోజులు పట్టింది. బ్లాకు పక్కనుండే బోల్టు విప్పితే ఏమీ రాలేదు. తీగతో పొడిస్తే ముందు బురద, తర్వాత ఎర్రనీళ్లు వచ్చాయి. థర్మోస్టాట్ తీసేసి, హీటర్ గొట్టాలు విప్పి ఎదురు దిశలో నీళ్లు పెట్టి, ఇంజిన్ తిప్పుతూ ఆరుసార్లు కడిగాను. చివరి రెండుసార్లూ డిస్టిల్డ్ వాటర్‌తోనే. మామూలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లతో కలిస్తే లోపల పొలుసు కడతాయి. రేడియేటర్‌కి మళ్లీ టంకం వేయించి, కొత్త మూత పెట్టాను. మూత విషయంలో బేరం వద్దు. నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఒక బార్ ఒత్తిడి పట్టే మంచి మూత ఉంటే 129 దాకా ఆగుతుంది.

తీసిన పాత కూలెంట్‌ని పళ్లెంలో అలా వదిలేయకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలూ కుక్కలూ పిల్లులూ తిరిగే చోట అరగంట కూడా ఉండకూడదు.

ఇంకో మెలిక. నీళ్లతో కడిగాక ఎంత వంచినా కొంత నీరు లోపలే ఉంటుంది. దానిమీద ముందే నీళ్లు కలిపి అమ్మే రకం పోస్తే పలచబడిపోతుంది. నా బండికి మొత్తం 8 లీటర్లు పడుతుంది. కలపని చిక్కటి కూలెంట్ 4 లీటర్లు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాను. కూలెంట్ చిక్కదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే గడ్డకట్టే స్థానం మైనస్ 37 దగ్గర వచ్చింది, సగం సగానికి రావాల్సింది అదే. ఎక్కువ చిక్కగా ఉంటే ఇంకా మంచిదనుకోవద్దు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడినీ సరిగా మోయదు.

అలా పచ్చ కూలెంట్‌కి తిరిగొచ్చి ఆరేళ్లయింది. అతుకులు పొడిగా ఉన్నాయి, మూత అడుగున వేలు తిప్పితే శుభ్రంగా వస్తుంది, హీటర్ వేడిగా ఊదుతుంది. రెండేళ్లకోసారి బండి కిందకి దూరడం ఇప్పుడు ఇష్టమైన పనే. హోసు మెత్తబడిందా, క్లిప్పు వదులైందా, పంపు దగ్గర చెమ్మ ఉందా, అన్నీ ఆ పూటే కంటపడతాయి. అయితే పచ్చది గడువు దాటితే క్షమించదు. ఒకసారి ఆర్నెల్లు ఆలస్యం చేస్తే థర్మోస్టాట్ గూడు అల్యూమినియం మీద తెల్లటి పొడి, చిన్న గుంటలు కనిపించాయి. ఆయుష్షు తక్కువన్న ఫిర్యాదు న్యాయమైనదే.

కొనేటప్పుడు రంగు చూసి తీసుకోకండి, అది కలిపిన అద్దకం మాత్రమే. పచ్చగా ఉన్న లాంగ్ లైఫ్ రకాలూ ఉన్నాయి. డబ్బా మీద ఏఎస్‌టీఎం డీ3306 అనే కూలెంట్ ప్రమాణం పేరు ఉన్నా సరిపోదు, లోపలి మందు ఏ రకమో ఆ ప్రమాణం చెప్పదు. సిలికేట్ ఉందో లేదో డబ్బా వెనక వెతకండి. డీజిల్ బండ్లలో కూలెంట్‌లో మునిగే లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) ఉన్నవాటి లెక్క వేరు, బుడగలు పగిలి లైనర్‌కి బయటివైపు గుంటలు పెడతాయి కాబట్టి వాటికి డీ6210 ఉన్నదే చూడాలి.

నా బండి పాత రేడియేటర్‌తో, తక్కువ తిరుగుడుతో ఉంది కాబట్టి నాకు పచ్చదే సరిపోయింది. అల్యూమినియం రేడియేటర్ వేయించుకుని, బ్లాకు బోల్టు దాకా విప్పి కడిగి, ఏటా వేల కిలోమీటర్లు తిప్పేవాళ్లకి ఆ నారింజదే మేలు కావచ్చు. నా రేడియేటర్ మార్చాల్సిన రోజొస్తే నేనూ మళ్లీ ఆలోచిస్తాను. అప్పుడైనా నెలకోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బా కాదు, మూత తీసి రేడియేటర్‌లోకే చూస్తాను.