పార్కింగ్ డబ్బులు వెనక్కి రాబట్టాలంటే: 1915, ఈ-జాగృతి ఎంతవరకు పనికొస్తాయి

విజయనగరంలోగానీ శ్రీకాకుళంలోగానీ మాల్ సెల్లార్లో బండి పెట్టగానే చీటీ చేతిలో పెట్టడం మామూలైపోయింది. ఇదేంటని షాపులో అడిగితే "మాకేటి సంబంధం లేదు బాబూ, కాంట్రాక్టరు వసూలు చేసుకుంటాడు" అంటారు. ఇలాంటప్పుడు వాడుకోవడానికి ప్రభుత్వ సేవలు రెండున్నాయి. ఒకటి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, రెండోది వినియోగదారుల కమిషన్లో కేసు వేసే ఈ-జాగృతి పోర్టల్. రెండూ మంచివే. కాకపోతే మొదటిదాని మీద మరీ ఆశ పెట్టుకున్నవాళ్లు రెండోదాని దాకా వెళ్లకుండానే వదిలేస్తున్నారు.

ముందు నిబంధన తెలియాలి. మన రాష్ట్రంలో మాల్స్, మల్టీప్లెక్సులకు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రకారం మొదటి 30 నిమిషాలు ఉచితం. అక్కణ్నుంచి గంట వరకు ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే బిల్లుగానీ సినిమా టికెట్టుగానీ పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువదై ఉండాలి. విజయనగరం పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం నాడు ఖాళీ స్థలానికి తాడు కట్టి వసూలు చేసేవాళ్లకు ఇది వర్తించదు. అక్కడ రేటు అడిగాకే బండి పెట్టాలి.

కేసు గెలిచేదీ ఓడేదీ గేటు దగ్గరే. పార్కింగ్ చీటీ థర్మల్ కాగితం. డాష్‌బోర్డు మీద ఎండలో పడేస్తే కొన్నాళ్లకు అందులో ఏమీ చదవలేం. అందుకే చేతికి రాగానే ఫోటో తీయాలి. లోపలికెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, బండి నంబరు, వసూలు చేసిన సంస్థ పేరు, రేట్ల బోర్డు, షాపు బిల్లు అన్నీ ఉండాలి. ఫోన్‌పేలో కడితే డబ్బు ఎవరి పేరు మీదికి వెళ్లిందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రసీదు ఇవ్వనంటే అదే ఇంకో ఫిర్యాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే.

1915 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. ఫిర్యాదు నమోదయ్యాక డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు సంఖ్య, ఇస్తారు. వీళ్లు ఫిర్యాదును అవతలివాళ్లకు పంపి జవాబు రాబట్టడానికి ప్రయత్నిస్తారంతే, ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. హెల్ప్‌లైన్‌తో ఒప్పందం ఉన్న పెద్ద కంపెనీలైతే కదులుతాయి. ఊళ్లో సబ్‌కాంట్రాక్టుకు తీసుకున్నవాడు కదలకపోవచ్చు. ఏమీ తేలకుండా ఫిర్యాదు మూసేసినా ఆ డాకెట్ దాచుకోండి, కమిషన్ ముందు ముందస్తు ప్రయత్నంగా చూపించవచ్చు.

ఈలోగా నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగానికి 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ భవనం ఆమోదిత ప్లాన్ అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ప్లాన్లో పార్కింగ్ అని చూపించిన సెల్లార్లో గోడౌన్ పెట్టి, మిగిలిన జాగాకు డబ్బు వసూలు చేస్తుంటే, ఆ కాగితమే మీకు బలం.

మా దృష్టిలో అసలు సేవ ఈ-జాగృతి. 2025 జనవరి 1న మొదలైంది. మొబైల్ ఓటీపీతో ఖాతా తెరిచి ఫిర్యాదు, తేదీల వరస, అఫిడవిట్, రుజువులు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. వీడియో విచారణ అడిగే హక్కుంది కాబట్టి పలాస, ఇచ్ఛాపురం నుంచి ప్రతి వాయిదాకూ శ్రీకాకుళం పరిగెత్తనక్కర్లేదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

నోటరీ లేని అఫిడవిట్ వల్ల, మసకబారిన స్కాన్ల వల్ల ఫిర్యాదు తిరిగిరావచ్చు. కాంట్రాక్టరు ఒక్కణ్నే ప్రతివాదిగా పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. మాల్ యాజమాన్యాన్నీ చేర్చాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. ఇరవై రూపాయల కోసం ఇంత తిప్పలా అనేవాళ్లు అదే వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 39 చూడాలి. వాపసు, ఖర్చులతోపాటు ఆ వసూలే ఆపించమని అడగొచ్చు. నష్టపోయినవాళ్లు చాలామంది ఉండి, ఎవరెవరో తేల్చలేని పరిస్థితైతే సేవ విలువలో కనీసం 25 శాతం కట్టించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఫిర్యాదులో ఏమేం కావాలో కోరే భాగాన్ని ప్రార్థన అంటారు, అందులో ఇది రాయడం మరిచిపోవద్దు. చట్టం మూడు నెలల్లో తేల్చాలంటుంది, అంతకన్నా ఎక్కువే పడుతుందని సిద్ధపడండి.

"నో పార్కింగ్, జరిమానా 500" అని ప్రైవేటు స్థలంలో బోర్డు పెట్టినంత మాత్రాన ఆ యజమానికి జరిమానా వేసే అధికారం రాదు. ఈ-చలాన్ వేసేది పోలీసులు, రవాణా శాఖ. చక్రానికి తాళం వేసి డబ్బడిగితే 112కి ఫోన్ చేయండి. కట్టక తప్పకపోతే రసీదు మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి, వాళ్ల ముందే ఫోటో తీసుకోండి.